మధ్యాహ్నం ఎర్రబడి సాయంత్రం పచ్చబడే చెరువు

మీ ప్రశ్న సారాంశం ఇది. ఆకివీడు దగ్గర నాలుగెకరాల చెరువు, బొచ్చె, శీలావతి చేపలు వేశారు. కాలువలు కట్టేసిన దగ్గర నుంచి నీరు పొద్దున ఆకుపచ్చగా ఉంటోంది. పదకొండు గంటలయ్యేసరికి గట్టు వార ఇటుక పొడి చల్లినట్టు ఎర్రబడుతోంది. దీపాల వేళకు మళ్ళీ పచ్చబడుతోంది. మందుల దుకాణంలో కాపర్ సల్ఫేట్ కొట్టమన్నారు. ఇంటర్ బైపీసీ చదివే మీ అమ్మాయి మాత్రం "నాన్నా, ఇది యూగ్లీనా" అంటోంది. ఎవరి మాట వినాలి అని అడిగారు.

అమ్మాయి మాట వినండి. యూగ్లీనా అంటే నీటిలో ఈదే, విడిగా కంటికి కనిపించని ఒంటి కణం ప్రాణి.

నేను చాలా ఏళ్లు జంతుశాస్త్రం పాఠం చెప్పి, విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో భీమవరంలో రైతులు తెచ్చే చెరువు నీళ్లు చూస్తూ కూర్చున్నవాణ్ణి. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడకుండా ఏ తెట్టుకూ పేరు పెట్టకూడదని నా పట్టింపు. అయినా మీరు చెప్పిన ఒక్క లక్షణం చాలా దూరం తీసుకెళుతుంది: ఒకే రోజులో ఎరుపు, పచ్చ, మళ్ళీ ఎరుపు. నీటి మీద ఎరుపు కనిపించడానికి వేరే కారణాలూ ఉన్నాయి. అజొల్లా ఎండకు ఎర్రబడుతుంది కానీ సాయంత్రానికి పచ్చబడదు, పైగా చేతిలోకి తీసుకుంటే చిన్న చిన్న ఆకులు కంటికే కనిపిస్తాయి. మురుగు కాలువ పక్కన ఇనుము తెట్టు కడుతుంది. దాన్ని కర్రతో పొడిస్తే పెంకులా పగిలి, ముక్కలు ముక్కలుగానే ఉండిపోతుంది. మీ తెట్టును పొడవండి. పొడిలా చెదిరి, కాసేపటికి మళ్ళీ కలుసుకుంటే అది ప్రాణమున్న పొడి. మా వాళ్లు "ఎర్ర పాచి" అనేది చాలాసార్లు యూగ్లీనాలోని ఒక జాతి. శాస్త్రంలో దాని పేరు యూగ్లీనా సాంగ్వినియా, అంటే నెత్తురు రంగుది.

మందు డబ్బా ఇప్పటికే కొని ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాను: మూత తీయకండి. ఎందుకో తర్వాత వివరిస్తాను. ముందు ఈ ప్రాణి ఎలా కదులుతుందో తెలియాలి. మీ చెరువులో మీకు కనిపిస్తున్న వింత అంతా దాని కదలికలోనే ఉంది.

మీ అమ్మాయి పుస్తకంలో "కశాభం" అన్న మాట ఉంటుంది. పరీక్షకు బట్టీ పట్టే పిల్లలకు అదో నోరు తిరగని మాట. కానీ కశ అంటే కొరడా, కశాభం అంటే కొరడా లాంటిది. ఎడ్లబండి తోలేవాడి చేతిలోని చెర్నాకోలను ఊహించుకోండి. అయితే ఒక తేడా ఉంది. యూగ్లీనాలో ఈ కొరడా ముందు కొస నుంచి వస్తుంది. చేప తోకతో నీటిని వెనక్కి నెట్టి ముందుకు పోతుంది. యూగ్లీనా అలా కాదు. ముందున్న కొరడా ఎద్దులా లాగుతుంటే వెనక ఒళ్లు బండిలా వస్తుంది. నిజానికి అక్కడ కశాభాలు రెండు. రెండోది పొట్టిది, ముందున్న చిన్న గుంటలోంచి బయటకే రాదు. పనంతా పొడవుదానిదే. అది ఊగే తీరు కూడా చెర్నాకోల ఝళిపించినట్టు ఉండదు. వరి చేలో పిట్టలను తోలేవాళ్లు ఒడిసెలను తల చుట్టూ తిప్పుతారే, దానికి దగ్గరగా ఉంటుంది. ఆ తిప్పుడికి ఒళ్లంతా తన చుట్టూ తాను తిరుగుతూ, మరమేకు దిగినట్టు ముందుకు సాగుతుంది.

కొరడానే ఎందుకు, తెడ్డు ఎందుకు కాదు? విద్యార్థులు ఈ ప్రశ్న అడిగిన రోజు నాకు పండగ. మనం పడవ మీద తెడ్డు వేసి ఎత్తేస్తే పడవ కొంత దూరం తనంతట తాను జారుతుంది. యూగ్లీనాకు ఆ జారుడు లేదు. అంత చిన్న ఒంటికి నీరు బెల్లం పాకంలా తగులుతుంది. కొరడా ఆగిన మరుక్షణం ఒళ్లూ ఆగిపోతుంది. తన పొడవులో వెయ్యో వంతు కూడా జారదు. అలాంటి నీటిలో బిగుసుకున్న తెడ్డును ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి ఆడిస్తే ఎంత ముందుకు వెళతావో అంతే వెనక్కి వస్తావు. ఎడ్వర్డ్ పర్సెల్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1977లో ఈ సంగతిని చాలా సరదాగా రాశాడు. ముందుకు పోవాలంటే పోయిన దారినే తిరిగి రాని ఊపు కావాలి, అంటే అల కావాలి. ఒక కొసన పుట్టి రెండో కొసకు పాకే వంపు ఉంటేనే కదలిక. కొరడాకు ఆ వంపు ఉంది, తెడ్డుకు లేదు.

ఆ వంపు ఎక్కడ నుంచి వస్తుందో కూడా చెప్పాలి. చెర్నాకోలను మనిషి చెయ్యి ఊపుతుంది. కశాభానికి ఊపే చెయ్యి మొదట్లో ఎక్కడా ఉండదు. దాని పొడవునా లోపల సన్నని గొట్టాలు ఉంటాయి: చుట్టూ తొమ్మిది జంటలు, మధ్యలో రెండు ఒంటి గొట్టాలు. పక్కపక్కనున్న జంటల మధ్య డైనీన్ అనే ప్రోటీను చేతులు చాచి, ఒక జంట మీద ఇంకో జంటను జరుపుతాయి. అడుగున కట్టేసి ఉన్నాయి కాబట్టి జరగలేక వంగుతాయి. చీపురు కట్టను అడుగున గట్టిగా కట్టి, పుల్లలను ఒకదాని మీద ఒకటి తోయబోతే కట్ట వంగుతుంది కదా, అదే సూత్రం. 1965లో ఇయాన్ గిబ్బన్స్ ఆ ప్రోటీనుకు డైనీన్ అని పేరు పెట్టాడు. ఇదే తొమ్మిది జంటలూ రెండూ మన శ్వాసనాళంలో దుమ్మును పైకి నెట్టే శైలికల్లోనూ (పొట్టి కశాభాల్లాంటివి), పురుష బీజకణం తోకలోనూ ఉన్నాయి. చెరువు తెట్టుకూ మనకూ ఇంత దగ్గర చుట్టరికం ఉందని క్లాసులో చెబితే వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తేవారు.

రొయ్యల రైతుల కోసం ఇక్కడ చిన్న పక్కమాట. రొయ్యలకు తెగులు తెచ్చే విబ్రియో బాక్టీరియాకూ కొరడా ఉంటుంది, దాన్నీ కశాభమనే అంటాం. కానీ పేరొక్కటే, వస్తువు వేరు. అది వంగదు, తిరుగుతుంది. అడుగున నిజంగానే మోటారు ఉంటుంది, మీ చెరువులో ఏరియేటరు (నీటిలో గాలి కలిపే యంత్రం) ఇరుసు తిరిగినట్టు. విబ్రియో జాతుల్లో ఒకదాని కొరడా సెకనుకు వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుందని కొలిచారు. కాబట్టి "కొరడా ఉన్న క్రిమి" అని ఎవరైనా అంటే, ఏ రకం కొరడా అని అడగండి. బాక్టీరియాకు వాడే మందు యూగ్లీనాకు పనిచేయకపోవడానికి అసలు కారణం అవి రెండూ బొత్తిగా వేరు తెగలు కావడమే.

ఇప్పుడు మీ చెరువు దగ్గరికి వద్దాం. ఈ ప్రాణి వెలుతురు వైపు ఈదుతుంది. యూగ్లీనా అన్న పేరులోనే "మంచి కనుగుడ్డు" అన్న అర్థం ఉంది. 1830లో ఎహ్రెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ముందు కొసన కనిపించే ఎర్ర చుక్కను చూసి ఆ పేరు పెట్టాడు. పాపం, అది కన్ను కాదు. ఎండలో దూరంగా చూడాలంటే కనుబొమల మీద అరచెయ్యి అడ్డు పెట్టుకుంటామే, ఆ చుక్క అలాంటి అరచెయ్యి. వెలుతురును పట్టే అసలు భాగం కొరడా మొదట్లో చిన్న ఉబ్బులా ఉంటుంది. ఒళ్లు తిరుగుతూ ఈదుతుంది కాబట్టి, వెలుతురు పక్క నుంచి వస్తుంటే ప్రతి చుట్టుకూ ఒకసారి ఎర్ర చుక్క ఆ ఉబ్బు మీద నీడ వేస్తుంది. నీడ పడినప్పుడల్లా కొరడా ఊపు మారి ఒళ్లు కాస్త మళ్ళుతుంది. వెలుతురు వైపు తిన్నగా తిరిగాక నీడ పడటం ఆగిపోతుంది, ఇక సూటిగా పోతుంది. మెదడు లేదు, నరం లేదు, ఒక నీడ తప్ప.

దాని వేగం సెకనుకు సుమారు 100 మైక్రాన్లు అనుకోండి, అంటే మిల్లీమీటరులో పదో వంతు. వినడానికి నవ్వొస్తుంది. కానీ లెక్క వేయండి: 30 సెంటీమీటర్ల లోతు నుంచి పైకి రావడానికి 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. మీటరు లోతు నుంచైతే మూడు గంటలకు కాస్త తక్కువ. తెల్లవారి ఎండ పడగానే బయలుదేరితే పది, పదకొండుకల్లా పైన తెట్టు కడుతుంది. మీరు గడియారం చూసి రాసిన వేళతో ఇది సరిపోతోంది. నీలి ఆకుపచ్చ పాచి కూడా పైకి తేలుతుంది. అయితే దానికి ఈదే కొరడా లేదు, ఒంట్లో గాలి బుడగలున్నాయి. యూగ్లీనా మాత్రం సొంత రెక్కల కష్టం మీద వస్తుంది.

మరి ఎరుపు? అది వేరే సంగతి, ఇంకా అందమైనది. దాని ఒంట్లో పత్రహరితంతోపాటు ఎర్రని నూనె రేణువులు ఉంటాయి. వాటిలోని రంగు ఆస్టాజాంథిన్, వండిన రొయ్య ఎర్రబడేది కూడా ఈ రంగుతోనే. ఎండ ముదిరితే ఆ రేణువులు ఒంటి అంచులకు పాకి, పత్రహరితం ఉండే హరితరేణువుల మీద గొడుగులా పరుచుకుంటాయి. వెలుతురు తగ్గితే మళ్ళీ నడుమకు చేరతాయి, పచ్చదనం బయటపడుతుంది. ఈ మార్పుకు కొన్ని నిమిషాలు చాలు. మధ్యాహ్నం మబ్బు పట్టినప్పుడు గట్టు మీద నిలబడి చూడండి, తెట్టు మీ కళ్ల ముందే రంగు దిగుతుంది. నేను ఒకసారి పాలకొల్లు దగ్గర ఒక చెరువు గట్టున గొడుగు నీడను తెట్టు మీద పడేలా పట్టుకొని నిలబడ్డాను. కాసేపటికి గొడుగు ఆకారంలో పచ్చని గుండ్రం ఏర్పడింది. పక్కనున్న పాలేరు నన్ను మంత్రగాణ్ణి చూసినట్టు చూశాడు.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి. మొదట్లో ఒక రైతు ఇలాంటి చెరువు నీరే సీసాలో తెచ్చాడు. సీసాను కిటికీ గూట్లో పెట్టి, టీ తాగి వచ్చి, నా వైపు నుంచి ఒక చుక్క తీసి చూసి "ఇందులో ఏమీ లేదయ్యా, వెళ్లు" అన్నాను. అతను వెళ్లాక సీసా తీయబోతే కిటికీ వైపు గాజుకు పచ్చని నెలవంక అంటుకొని ఉంది. నేను టీ తాగుతున్నంతసేపూ అవి వెలుతురు వైపు ఈదుతూనే ఉన్నాయి. చుక్క తీసింది చీకటి వైపు నుంచి. అతనికి ఫోను చేసి వెనక్కి పిలిపించాను. ఆ రోజు నుంచి నమూనా సీసాను కదిపి, కలిపి, అప్పుడే చుక్క తీస్తాను. మీరూ నమూనా తెల్లవారుజామున పైపైన తీస్తే పెద్దగా ఏమీ దొరకదు, మధ్యాహ్నం పైన తీస్తే చెరువంతా అదే అనిపిస్తుంది. రెండూ అబద్ధమే.

చుక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే మొదట పచ్చని కదుళ్లు హడావుడిగా అటూ ఇటూ పోతుంటాయి. కొరడా కనిపించదు, అంత సన్నం. రెండు మూడు దూది పోగులు చుక్కలో వేసి పైన గాజుపలక పెడితే పోగుల మధ్య చిక్కుకొని నెమ్మదిస్తాయి. నీరు ఆరుతూ ఇరుకైన కొద్దీ ఈత మానేసి ఇంకో విద్య చూపిస్తాయి: ఒళ్లు ఒకచోట ఉబ్బి, ఆ ఉబ్బు వెనక్కి జారి, వానపాములా మెలికలు తిరుగుతాయి. చివరికి ఒక చుక్క అయోడిన్ వేస్తే అన్నీ చచ్చి నిలిచిపోతాయి, అప్పుడు కొరడా గోధుమ రంగు వెంట్రుకలా స్పష్టంగా తేలుతుంది. మీ అమ్మాయిని ఇంకొకటి గమనించమనండి: అందులోని పిండి రేణువులు అయోడిన్‌కు నల్లబడవు. అది బియ్యపు పిండి లాంటిది కాదు, పారమైలాన్ అనే వేరే రకం.

అది మొక్కా, జంతువా అని కూడా అడిగారు. మా రోజుల్లో వృక్షశాస్త్రం మాస్టారూ జంతుశాస్త్రం మాస్టారూ ఇద్దరూ తమదేనని పాఠం చెప్పేవారు, మార్కులు మాత్రం ఒక్కసారే. వెలుతురుంటే ఆహారం వండుకుంటుంది, చీకట్లో నీటిలో కరిగిన కుళ్లును పీల్చుకొని బతుకుతుంది. దాని పచ్చదనం కూడా పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు. ఎప్పుడో దాని పూర్వీకులు ఒక పచ్చ శైవలాన్ని (పాచిని) మింగి, అరిగించుకోకుండా ఇంట్లో పెట్టుకున్నారు. మామూలు మొక్క హరితరేణువుకు రెండు పొరలుంటే దీనిదానికి మూడు ఉండటం అందుకు ఆనవాలు. పచ్చదనం తీసేసి చూస్తే దీని దాయాదులు ఎవరో తెలుసా? గేదెలకు సర్రా జ్వరం తెచ్చే ట్రిపనోసోమా. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్రాల, ఒంటెల నెత్తుటిలో దాన్ని కనిపెట్టాడు. జోరీగలు కుట్టి ఒక పశువు నుంచి ఇంకో పశువుకు అంటిస్తాయి. దానికి ఒకే కొరడా, ఒంటి పొడవునా రెక్కలా అంటుకొని ఉంటుంది, అదీ కొరడా కొస ముందుకు పెట్టుకొనే ఈదుతుంది. గేదె దిగిన చెరువులో ఒకరు, గేదె నెత్తుటిలో ఇంకొకరు. అయితే భయపడకండి, చెరువులో ఉన్నది గేదెకు ఎక్కదు.

ఇక మందు సంగతి. దుకాణం వాళ్లు చెప్పింది పూర్తిగా తప్పని అనను, కాపర్ సల్ఫేట్ పాచిని చంపుతుంది. కానీ ఎండ వేళ అంతా పైనే చేరిన తెట్టును ఒక్కసారి చంపితే, చచ్చినదంతా రాత్రికి కుళ్లి, చేపలకు మిగలాల్సిన ఆక్సిజన్‌ను తాగేస్తుంది. ఆల్కలినిటీ (క్షారత) తక్కువున్న నీటిలో రాగి చేపలకే విషం. ఇంకో భయం కూడా ఉంది. కొన్ని యూగ్లీనాలు చేపలను చంపే విషం తయారుచేస్తాయని 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు, ఈ ఎర్రది వాటిలో ఒకటి. 2010లో ఆ విషం నిర్మాణం తేల్చి యూగ్లీనోఫైసిన్ అని పేరు పెట్టారు. నిప్పుచీమల విషానికి దగ్గర పోలిక ఉన్న పదార్థం అది. ఎర్ర తెట్టు ఉన్న ప్రతి చెరువులోనూ చేపలు చావవు, నేను చూసినవాటిలో ఎక్కువ చెరువులు క్షేమంగానే గట్టెక్కాయి. అయినా ఒంట్లో విషం ఉండే అవకాశమున్న ప్రాణిని గుంపుగా పగలగొట్టడం నాకు ఇష్టం ఉండదు.

తెట్టు వల్ల జరిగే మామూలు నష్టం వేరే. అది గొడుగులా కప్పేస్తే కిందున్న మంచి ప్లాంక్టన్‌కు (నీటిలో తేలే సూక్ష్మజీవులకు) వెలుతురు అందదు. పైన మధ్యాహ్నం ఆక్సిజన్ దండిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అడుగున ఉండదు, తెల్లవారుజామున అసలే ఉండదు. కాబట్టి కొలత తెల్లవారక ముందు నాలుగైదు గంటల మధ్య తీసుకోండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే దిగితే ఏరియేటరు ఆపకండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేదాకా ఆగితే ఆలస్యమే.

తెట్టును తీయడానికి దాని అలవాటే మీకు ఆయుధం. మధ్యాహ్నం అది పైకి వస్తుంది, గాలి దాన్ని ఒక మూలకు నెడుతుంది. పన్నెండు, ఒంటి గంట మధ్య ఆ మూలలో పాత చీర గుడ్డను ఇద్దరు చెరో కొస పట్టుకొని నీటి మీద ఈడ్చండి. వచ్చిన ఎర్ర ముద్దను గట్టుకు అవతల, వానకు తిరిగి చెరువులోకి జారని చోట వేయండి. వరసగా నాలుగైదు రోజులు చేస్తే తేడా తెలుస్తుంది. ఇదే పని పొద్దున ఏడింటికి చేస్తే ఒట్టి నీళ్లు పిండుకోవడమే. ఆ వేళ ఏరియేటరును ఆ మూల దగ్గర తిప్పకండి, కూడినదాన్ని మీరే చెదరగొట్టినట్టవుతుంది.

అయితే ఇది తెట్టుకు వైద్యం, చెరువుకు కాదు. యూగ్లీనా పిలవని చోటికి రాదు. కుళ్లు, అమ్మోనియా ఎక్కువున్న నీరంటే దానికి పుట్టిల్లు. కోళ్ల పెంట ఎంత వేస్తున్నారో మీరు రాయలేదు, తవుడు సంచులు ఎన్ని కడుతున్నారో కూడా రాయలేదు. నా అనుమానం అక్కడే. పెంట వెంటనే ఆపండి. మేత రెండు మూడు రోజులు సగానికి తగ్గించి, సంచుల్లో ఎంత మిగులుతోందో చేత్తో తడిమి చూడండి. మధ్యాహ్నం పీహెచ్ తొమ్మిది దాటుతుంటే ఉన్న అమ్మోనియా ఇంకా విషమవుతుంది కాబట్టి సున్నం జోలికి పోకండి. కొత్త నీరు పెట్టమని పుస్తకాలు రాస్తాయి. కాలువలు కట్టేసిన మే నెలలో, బోరు వేస్తే ఉప్పునీరు పడే ఊళ్లో కొత్త నీరు ఎక్కడ నుంచి తెస్తారు? కాలువ వదిలే దాకా ఓర్చుకోండి. వదిలాక పై నీటిని, అదీ మధ్యాహ్నం వేళ, తెట్టు చేరే మూల నుంచి తీసేసి కొత్త నీరు ఎక్కించండి. తూము అడుగు పలక ఎత్తితే వెళ్లేది మంచి నీరే.

పట్టుబడి అయ్యాక చెరువు నెర్రెలిచ్చే దాకా ఎండగట్టి నల్ల బురద తీయించండి. గడ్డుకాలం వస్తే యూగ్లీనా కొరడా వదిలేసి, గుండ్రంగా ముడుచుకొని, చుట్టూ జిగురు కవచం కట్టుకొని బురదలో పడుకుంటుంది. ఎండగట్టినంత మాత్రాన అన్నీ చావవు. కానీ లేచి చూసేసరికి తినడానికి కుళ్లు లేకపోతే గుంపు కట్టవు.

మీ అమ్మాయి దాన్ని తన కళ్లతో చూడాలంటే సూక్ష్మదర్శిని కూడా అక్కర్లేదు. గాజు సీసాలో చెరువు నీరు పట్టి, చుట్టూ నల్ల కాగితం చుట్టి, ఒకచోట రూపాయి బిళ్లంత కన్నం చెయ్యమనండి. కన్నం కిటికీ వైపు ఉండాలి, తిన్నగా ఎండ పడకూడదు. గంట తర్వాత కాగితం విప్పితే కన్నం ఎదుట రూపాయి బిళ్లంత పచ్చని మచ్చ కనిపించాలి. కనిపించకపోతే నా అంచనా తప్పు, అప్పుడు నమూనా పంపండి: మధ్యాహ్నం పన్నెండుకు ఒక సీసా ఎర్ర మూల నుంచి, ఇంకో సీసా చెరువు నడుమ మోచేతి లోతు నుంచి. సగమే నింపండి, మందు కలపకండి, మూత బిగించకండి. అవి ప్రాణంతో చేరితేనే నాకు పని.